డిస్కు కింద పదకొండు రోజులు

రోజు 6118

మూల డిస్కు నూటికి తొంభై మూడు వంతులు నిండింది. పోయిన వారం ఇదే రోజున తొంభై రెండు.

మా ఊరు లోగిలి మొత్తానికి ఉన్నది ఒక్కటే యంత్రం. గాలి పంపులు, తలుపులు, దీపాలు, బడి పాఠాలు, నాలుగు వందల పన్నెండు మంది ఉత్తరాలూ ఫోటోలూ అన్నీ దాని మీదే నడుస్తాయి. మూల డిస్కు పూర్తిగా నిండిన రోజున గాలి పంపు తన చిట్టా రాసుకోలేదు. రాసుకోలేకపోతే ఆగిపోయేలా దాన్ని తయారుచేశారు. చంద్రుడి నేలకి ఎనభై మీటర్ల కింద, రాతి సొరంగంలో పంపు ఆగితే ఏమవుతుందో ఇక్కడ పుట్టిన పిల్లలకి కూడా తెలుసు. కొత్త డిస్కు భూమి నుంచి రావాలి. సరుకుల నౌక రావడానికి ఇంకా ఐదు నెలలుంది. నాకున్నవి ఏడు వారాలు.

పద్నాలుగేళ్ళుగా ఈ యంత్రం బాధ్యత నాదే. అందుకే ఇవాళ్టి నుంచి ఖాళీ చేసే పని మొదలుపెట్టాను. ఈ రోజువారీ చిట్టా కూడా అందుకే.

టెంప్‌తో మొదలుపెట్టాను. ఏ ప్రోగ్రాం అయినా కాసేపు వాడుకుని వదిలేసే సరుకంతా ఆ డైరెక్టరీలోనే పడుతుంది. ఊడ్చేశాను. అర వంతు కూడా తగ్గలేదు.

రోజు 6121

హోమ్ డైరెక్టరీలో మనిషికో గది ఉంటుంది. ఎవరి గది వాళ్ళే సర్దుకోవాలని భోజనాల హాల్లో చెప్పాను. అందరికంటే ముందు వచ్చింది రమీజా, గాలి పంపుల ఇంజనీరు.

"హైమక్కా, నా పాత నక్షలన్నీ తీసేసిన. ఎంత తగ్గింది?"

"ఏమీ తగ్గలేదు."

"గదెట్ల? ఇరవై ఫైళ్ళు తీసేసిన గదా!"

చూస్తే ఆమె తీసేసినవి నక్షలు కావు, నక్షలు ఎక్కడున్నాయో చూపించే చీటీలు. అసలు నక్షలు ఇంకో డైరెక్టరీలో భద్రంగా ఉన్నాయి. ఆ మాట చెబితే నవ్వింది.

"మరిప్పుడు నాకు అవి దొరకవా?"

"దారి తెలిస్తే దొరుకుతాయి. డైరెక్టరీలో కనపడటం వేరు, డిస్కు మీద ఉండటం వేరు."

పద్నాలుగేళ్ళుగా ఆ మాట ఎంతమందికి చెప్పానో. 

రోజు 6124

సర్దుళ్ళు అయ్యాయి. ఇప్పుడు తొంభై రెండున్నర.

ఇవాళ కూర్చుని ప్రతి డైరెక్టరీనీ విడివిడిగా కొలిచాను. మా యంత్రంలో అన్నీ ఒక్క ఏటవాలు గీత దగ్గర మొదలవుతాయి. దాని కింద హోమ్, యంత్రం నియమాలుండే ఈటీసీ, రోజూ పెరిగే చిట్టాలుండే వార్, ప్రోగ్రాములుండే యూఎస్‌ఆర్. ఒక్కొక్క దానిలోకీ దిగి, దాని లోపలివీ, వాటి లోపలివీ కలుపుకుంటూ వచ్చాను. మొత్తం డెబ్బై ఒకటిన్నర వంతులు తేలింది.

డిస్కుని అడిగితే తొంభై రెండున్నర అంటోంది. మధ్యలో ఇరవై ఒక్క వంతులు ఏ డైరెక్టరీలోనూ లేవు, అయినా చోటు ఆక్రమించుకునే ఉన్నాయి.

ఒక్కోసారి ఫైలు తీసేసినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం వదిలే వరకూ డిస్కు దాన్ని వదలదు. అదే అయి ఉంటుందనుకుని ప్రోగ్రాములన్నిటినీ ఒక్కొక్కటిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్క చుక్క తగ్గలేదు.

రోజు 6125

నిన్న కూడేటప్పుడు ఒక డైరెక్టరీని వదిలేశాను. దాని పేరు కొలతలు. వదిలేయడం తప్పు కాదు, అందులో కనిపించేది మూల డిస్కు మీద ఉండదు. అక్కడ ఒక ఖాళీ డైరెక్టరీ ఉంటుంది, యంత్రం లేవగానే దానికి వేరే డిస్కుని తగిలిస్తుంది. ఆ తర్వాత ఎవరు ఆ డైరెక్టరీలోకి వెళ్ళినా తగిలించిన డిస్కులోకే వెళతారు.

ఆ పేరు చూడగానే ఏసోబు గుర్తొచ్చాడు. రెండేళ్ళుగా ఆ పేరు చూసిన ప్రతిసారీ గుర్తొస్తాడు. ఇవాళ రాయాలనిపిస్తోంది.

ఏసోబు మా గాలి కొలతలు చూసే మనిషి. అప్పటికి యాభై ఆరేళ్ళుంటాయి. రోజుకి మూడు పూటలా సొరంగం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, పదిహేడు గేజీల ముందు నిలబడి అంకె పైకి చదివేవాడు. టోపీ మీదున్న కెమెరా దాన్ని రికార్డు చేసి కొలతల డైరెక్టరీకి పంపేది. అందులోనే ఉన్న ఒక ప్రోగ్రాం ఆ అంకెలు చూసి, ఏదైనా హద్దు దాటితే గంట మోగించేది.

5387వ రోజు పొద్దున ఉత్తరపు పడక హాల్లో పద్దెనిమిది మంది లేవలేకపోయారు. ఏడో గేజీ ఉన్న గొట్టం వడపోత పాడై చెడుగాలి నిండింది. పదిహేడు మందిని బతికించుకున్నాం. చంద్రకళ బతకలేదు. అంతరిక్ష దుస్తుల కుట్లు చూసే అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు.

మా సభ పెద్ద పద్మనాభం గారు ముందు అన్నీ ఆపి శుభ్రంగా మళ్ళీ మొదలుపెట్టమన్నారు. యంత్రాన్ని ఆపి లేపాను. ఆ తర్వాతే కొలతల్లోకి వెళ్ళి చూశాను. 5376 దాకా అన్నీ ఉన్నాయి. తర్వాత పదకొండు రోజులు ఒక్కటి కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే సభ. ఏసోబు భార్య మార్తమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు.

"మూడు పూటలా తిరిగానండీ. ప్రతి గేజీ ముందూ నిలబడి చదివా. ఏడోది పెరగతా ఉందని హైమమ్మగారికి గూడా చెప్పా, కెమెరాలో ఉంటది" అన్నాడు.

పద్మనాభం గారు నా వైపు తిరిగారు. "ఉన్నాయా అమ్మా?"

"లేవండి."

"పొరపాటున ఇంకో చోటికి పోయి ఉంటాయా?"

"యంత్రం అలా పొరపాటు పడదండి. అక్కడ లేవంటే చదవలేదనే."

అంత ధీమాగా చెప్పాను. ఏసోబు నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడ్డాడు. కోపం లేదు. ఏదో గుర్తు చేసుకోబోయి గుర్తురానివాడిలా ఉన్నాడు. ఆ వారమే ఆయన్ని చలిగొయ్యికి పంపేశారు, మంచు కోసే పనికి.

రోజు 6126

పొద్దున రమీజాని అడిగాను, కొలతల డిస్కు ఇరవై నిమిషాలు విడదీస్తానని.

"విడదీసి ఏం జేస్తవక్కా?"

"దాని కింద ఏముందో చూడాలి."

"కింద ఏముంటది, ఖాళీ డైరెక్టరీయే గదా."

"ఖాళీగా ఉండాలి."

ఆమె గేజీల దగ్గర మనుషుల్ని నిలబెట్టి, సరేనంది. డిస్కుని విడదీసి కొలతల్లోకి వెళ్ళాను.

ఖాళీగా లేదు. అందులో పదకొండు డైరెక్టరీలున్నాయి. మొదటి దాని పేరు 5377. చివరి దాని పేరు 5387. మొత్తం ముప్పై ఒక్క ఫైళ్ళు. పది రోజులకి మూడేసి పూటలు, చివరి రోజు పొద్దుటి పూట ఒకటి.

కుర్చీలో ఎంతసేపు అలా ఉండిపోయానో తెలియదు. ఇరవై నిమిషాలు దాటాయని రమీజా తలుపు కొట్టింది. లోపలికి వచ్చి నా మొహం చూసి, తర్వాత తెర చూసింది. ఆ తేదీలు ఆమెకి చెప్పక్కర్లేదు.

"యా అల్లా" అని నా పక్కన నేల మీదే కూలబడింది.

రోజు 6127

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

5376వ రోజు సాయంత్రం కరెంటు ఒక్క క్షణం పడిపోయింది. యంత్రం తనంతట తనే లేచింది. ఏ డిస్కుని ఏ డైరెక్టరీకి తగిలించాలో ఈటీసీలో ఒక జాబితా ఉంటుంది. కొలతల డిస్కు వరుసలో నేనే రాసిపెట్టాను: ఈ డిస్కు దొరక్కపోతే ఆగవద్దు, ముందుకు వెళ్ళు. దాని కోసం చూస్తూ గాలి పంపులు ఆగిపోకూడదని. ఆ సాయంత్రం డిస్కు లేవడానికి ఆలస్యం చేసి ఉంటుంది. యంత్రం నేను చెప్పినట్టే దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఏసోబు చదివినవన్నీ ఆ ఖాళీ డైరెక్టరీలో, అంటే మూల డిస్కు మీదే పడ్డాయి. గంట మోగించే ప్రోగ్రాం తగిలించని డిస్కులో ఉండిపోయింది. అందుకే అది మోగలేదు. 5387న నేను యంత్రాన్ని లేపినప్పుడు డిస్కు సరిగ్గా తగులుకుంది. దానితో ఆ పదకొండు రోజులూ దాని కింద కప్పబడిపోయాయి. చెరిగిపోలేదు. పైనున్న డిస్కు తీస్తే తప్ప కనపడవు, అంతే.

ఆ ఖాళీ డైరెక్టరీలో ఎవరూ ఏమీ రాయకుండా ముందే తాళం వేసి ఉంచాలి. ఒక్క వరుస ఆజ్ఞ. పని నేర్చుకున్న మొదటి నెలలో నేర్చుకున్నదే. తర్వాత వేద్దాంలే అనుకున్నాను. వార్‌లో ఆ రోజు చిట్టా చదివినా డిస్కు తగల్లేదని ఒక్క వరుస కనపడేది. చదవలేదు. పాత చిట్టాలు ఆరు నెలలకి వాటంతట అవే పోతాయి, ఇప్పుడు అదీ లేదు.

ఇంకొకటి ఉంది. వారానికొకసారి కొలతలు తెరిచి కళ్ళతో చూడటం నా పని. ఆ వారం చూడలేదు. ఆ ముందు వారమూ చూడలేదు. చూసి ఉంటే పాతవన్నీ మాయమై కొత్తవి మాత్రమే ఉండటం క్షణంలో తెలిసేది. సభలో అంత గట్టిగా మాట్లాడటానికి కారణం యంత్రం మీద నమ్మకం ఒక్కటే కాదు. నువ్వు చూశావా అని నన్ను ఎవరూ అడగకూడదని.

ఇవాళ వాటిని విన్నాను. అన్నీ వినలేకపోయాను.

5377, పొద్దున: "లోగిలి గాలి కొలతలు. చదివేది ఏసోబు. ఒకటో గేజీ, ఆరు. రెండో గేజీ, ఆరు." నడుస్తున్న చప్పుడు. ఆయాసం. "ఏడో గేజీ, ఏడు."

5384, సాయంత్రం: "ఏడో గేజీ, పదహారు. పదిహేను దాటితే గంట మోగాల. మోగలా. ఇంకోసారి చూస్తా." కెమెరా గేజీకి దగ్గరగా వెళ్ళింది. "పదహారే."

5386, సాయంత్రం: "ఏడో గేజీ, ఇరవై రెండు. హైమమ్మగారూ, గంట మాత్రం మోగలా. మోగలేదంటే లోపల మీ లెక్క వేరేగా ఉందేమో, నాకు తెలవదు. మీరు చూసేటప్పుడు ఈ ఏడోదాన్ని రమీజమ్మకి ఒక్కసారి చూపించండి. మర్చిపోమాకండి."

రోజు 6129

సభ పెట్టమన్నాను. ముందు పద్మనాభం గారికి ఆయన గదిలో విడిగా చెప్పాను.

"యంత్ర దోషం అని రాద్దాం హైమా. జనం మళ్ళీ రేగిపోకుండా."

"యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసిందండి. దోషం నాది. అలాగే రాయండి."

"నిన్ను ఈ పనిలోంచి తీసేయమంటారు. నీ తర్వాత ఈ పని తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"రమీజాకి నేర్పుతాను. నేర్చుకున్నాక తీసేయండి."

సభలో ముప్పై ఒక్క ఫైళ్ళూ వినిపించాను. నాలుగు గంటలు పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆ తర్వాత నేను చూడని రెండు వారాల సంగతీ చెప్పాను.

చంద్రకళ భర్త నరహరి వెనక వరుసలో ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. లేచి అన్నాడు:

"ఏసోబు నాకు నెలకో ఉత్తరం రాస్తాడండీ. ఇప్పటికి ఇరవై నాలుగు. నా నిర్లక్ష్యం వల్ల నీ ఇల్లాలు పోయింది, క్షమించమని. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తాను."

తను చేయని తప్పుకి ఏసోబు క్షమాపణ ఎందుకు అడుగుతున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

రోజు 6131

ముప్పై ఒక్క ఫైళ్ళనీ కొలతల డిస్కులోకి, ఉండాల్సిన చోటికి మార్చాను. మూల డిస్కు డెబ్బై రెండుకి దిగింది. నౌక వచ్చేదాకా ఇక భయం లేదు.

ఖాళీ డైరెక్టరీకి తాళం వేశాను. రమీజా పక్కన కూర్చుని చూసింది. అర నిమిషం పట్టింది. "గింతేనా?" అంది.

ఏసోబుని వెనక్కి పిలిచి పాత పని ఇవ్వాలని సభ తీర్మానించింది. ఆ కబురు యంత్రంలో పంపుతామన్నారు. వద్దు, నేనే వెళ్ళి చెబుతానన్నాను.

రోజు 6133

చలిగొయ్యికి బండిలో మూడు గంటలు. ఎండ ఎప్పుడూ పడని గొయ్యి అది, అడుగున మంచు ఉంటుంది. పదకొండు మంది అక్కడే ఉండి దాన్ని కోసి లోగిలికి నీళ్ళు పంపుతారు. మేం తాగేది ఆ నీళ్ళే.

వాళ్ళ విశ్రాంతి గదిలో ఏసోబు ఒక్కడే ఉన్నాడు, చేతి తొడుగులు ఆరబెట్టుకుంటూ. జుట్టు పూర్తిగా నెరిసింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. చలికి పోయాయట.

"రామ్మా, కూసో. ఏంది, ఇంత దూరం వచ్చినారు?"

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను, మొదటి నుంచీ చివరిదాకా. డిస్కు సంగతి, నా సంగతి. అయ్యాక 5386 సాయంత్రంది వినిపించాను.

తన గొంతు తను వింటూ తల వంచుకుని ఉన్నాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు.

"నా గొంతే" అన్నాడు. "కానీ నాకు గుర్తు లేదమ్మా."

"రెండేళ్ళయింది కదండీ."

"అది కాదు. నేను ఏడో గేజీ దగ్గిర బల్ల మీద ఊరికే కూసున్నట్టు, చదవకుండా లేచి పోయినట్టు నాకు బాగా గుర్తు. మార్త గురించి ఆలోచించుకుంటా కూసున్నట్టు. రోజూ కళ్ళకి కడతది. మొదట్లో చదివాననే అనుకున్నా. ఆనక మీరు అంత గట్టిగా చెప్పారు గదా, చదువుకున్నోళ్ళు, మీకెందుకు అబద్ధం చెప్పే పని? నాకే మతి పోయింది కాబోలనుకున్నా. అనుకోంగ అనుకోంగ అట్టాగే గుర్తుండిపోయింది. ఇప్పుడు ఇది వింటే... ఎవరో నా గొంతుతో మాట్లాడినట్టుంది."

నేను ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. "నన్ను క్షమించమని అడగటానికి కూడా నాకు మొహం లేదు ఏసోబు గారూ" అన్నాను.

"లెయ్యండి, లెయ్యండమ్మా. నేల చల్లగా ఉంటది." నన్ను లేపి బల్ల మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి అడిగాడు, "నరహరి విన్నాడా ఇది?"

"విన్నాడు. మీ ఉత్తరాల సంగతి చెప్పాడు. మీకు జవాబు రాస్తానన్నాడు."

తల ఊపాడు. మొహం ఇంకో వైపు తిప్పుకున్నాడు.

సభ తీర్మానం చెప్పాను. వెనక్కి రమ్మని, గేజీలు మళ్ళీ ఆయన చేతికే ఇస్తారని.

"వద్దులేమ్మా."

"మీ తప్పేం లేదని అందరికీ తెలుసండీ ఇప్పుడు."

"వాళ్ళకి తెలిసింది. నాకు తెలవొద్దా? గేజీ ముందు నిలబడి ఇరవై రెండు అని చదివితే, అది ఇరవై రెండే అని నేను నమ్మాల గదా. అక్కడ నాలుగొందల మంది ప్రాణం." తొడుగులు తీసుకుని లేచాడు. "ఇక్కడ మంచే. పొరబడితే నేనే పోతా."

వాళ్ళ పాళీ మొదలయ్యే గంట కొట్టారు. బయటి గదిలో గాజు కిటికీ లోంచి చూశాను. ఏసోబు దుస్తులు తొడుక్కుని, గోతిలోకి దిగే తాడు నడుముకి కట్టుకున్నాడు. గట్టి ముడి. ఇక్కణ్ణుంచి నాక్కూడా కనిపిస్తోంది. ఆయన దాన్ని చూసుకున్నాడు, చేత్తో తడుముకున్నాడు. తర్వాత పక్కనున్న మనిషి వైపు తిరిగాడు. గదిలోని స్పీకర్లో ఆయన మాట వినిపించింది.

"నేను తాడు కట్టుకున్నానా? చూసి చెప్పు."

"కట్టావు బాబాయ్."

రెండో మనిషిని అడిగాడు. కట్టావన్నాడు. మూడో మనిషి అడక్కముందే దగ్గరికి వచ్చి, ముడి మీద చెయ్యి వేసి, రోజూ చేసే పనిలా చెప్పాడు, "ఉంది బాబాయ్, గట్టిగానే ఉంది."

అప్పుడు గానీ ఆయన దిగలేదు.